పీసా, టిమ్స్, పర్ల్స్: దేశాల బడి చదువును కొలిచే మూడు పరీక్షల సమీక్ష

ఏ దేశంలో బడి చదువు బాగుంటుందని అడిగితే, అంకెలతో జవాబు చెప్పే ఏర్పాట్లు ప్రపంచంలో ప్రధానంగా మూడు ఉన్నాయి. ఎక్కువగా ధనిక దేశాలుండే ఆర్థిక సహకార కూటమి ఓఈసీడీ నడిపే పీసా ఒకటి. ఐఈఏ అనే సంస్థ నడిపే టిమ్స్, పర్ల్స్ మిగతా రెండూ. మూడింటి నివేదికలూ, పట్టికలూ, పేర్లు తీసేసిన విద్యార్థుల జవాబుల ఫైళ్లూ ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు. ఇంత శ్రమతో తయారైన సమాచారం ఇంత బాహాటంగా దొరకడం అరుదు. కానీ వాడేవాళ్లలో ఎక్కువమంది చూసేది ర్యాంకుల పట్టిక ఒక్కటే. మొత్తం నివేదికలో అన్నిటికంటే తక్కువ సంగతి చెప్పే పేజీ అదే. మిగతా పేజీలు చదవడం తెలిస్తే ఇవి గొప్ప సాధనాలు. ఆ ఒక్క పేజీతో ఆగిపోతే మాత్రం తప్పుదారి పట్టిస్తాయి.

ఎవరిని పరీక్షిస్తున్నారు

మొదట చూడాల్సింది ఇదే. పీసా వయసును బట్టి పిల్లల్ని ఎంచుకుంటుంది. పరీక్ష నాటికి 15 ఏళ్ల 3 నెలలు నిండి, 16 ఏళ్ల 2 నెలలు దాటకుండా, ఏడో తరగతిలోనో ఆపైనో ఉన్నవాళ్లే రాస్తారు. 2000లో మొదలై మూడేళ్లకోసారి జరిగింది. 2021లో రావాల్సిన విడత కోవిడ్ వల్ల 2022కు వాయిదా పడింది. 2025 తర్వాత నాలుగేళ్లకోసారి చేశారు కాబట్టి తరువాతి విడత 2029. చదివి అర్థం చేసుకోవడం, లెక్కలు, సైన్సు మూడూ ప్రతిసారీ ఉంటాయి, వాటిలో ఒకటి ప్రధానాంశం. 2018లో చదవడం, 2022లో లెక్కలు. పరీక్ష రెండు గంటలు. పాఠ్యపుస్తకంలో ఉన్నది ఎంత గుర్తుందని అడగదు. తెలిసినదాన్ని కొత్త సందర్భంలో వాడగలరా అని అడుగుతుంది.

టిమ్స్ తరగతిని బట్టి ఎంచుకుంటుంది. నాలుగు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్సు. 1995 నుంచి నాలుగేళ్లకోసారి జరుగుతోంది. తాజా ఫలితాలు 2023వి. పాల్గొనే దేశాల పాఠ్యప్రణాళికల్లో ఉమ్మడిగా ఉన్న అంశాల మీదే ప్రశ్నలు తయారు చేస్తారు. పర్ల్స్ నాలుగో తరగతి పిల్లల చదివే శక్తిని మాత్రమే చూస్తుంది. 2001 నుంచి ఐదేళ్లకోసారి.

వయసా, తరగతా అన్న ఈ తేడా చిన్నది కాదు. జపాన్‌లో పీసా రాసే పిల్లలంతా ఒకే తరగతిలో, పదిలో ఉంటారు. తప్పినవాళ్లను అదే తరగతిలో మళ్లీ కూర్చోబెట్టే అలవాటున్న బ్రెజిల్‌లో అదే వయసు పిల్లలు ఏడు నుంచి పైకి అనేక తరగతుల్లో చెదిరి ఉంటారు. ఆ దేశపు స్కోరులో బోధన లోపం ఎంత, పిల్లవాడింకా ఆ పాఠం దాకా రాకపోవడం ఎంత అన్నది ఒక్క అంకెలో విడదీయలేం. టిమ్స్‌కు దీని అద్దంలాంటి ఇబ్బంది ఉంది: తరగతి ఒకటే అయినా బడిలో చేరే వయసు దేశదేశానికీ వేరు. నార్వే ఇందుకే ఇప్పుడు నాలుగు, ఎనిమిదికి బదులు ఐదు, తొమ్మిది తరగతుల పిల్లలతో రాయిస్తోంది. టిమ్స్ నాలుగో తరగతి పట్టికలో నార్వేను పక్క దేశంతో పోల్చేవాళ్లు ఈ సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుందని గుర్తుంచుకోవాలి.

పిల్లల్ని ఏరుకునే తీరు కూడా వేరే. రెండింటిలోనూ ముందు కనీసం 150 బడుల్ని నమూనాగా తీస్తారు. పీసాలో ఆ బడిలోని 15 ఏళ్లవాళ్లందరి జాబితా నుంచి సుమారు 42 మందిని చీటీ పద్ధతిలో ఏరుతారు, వాళ్లు ఏ సెక్షన్‌లో ఉన్నా సరే. టిమ్స్, పర్ల్స్ ఒకటో రెండో సెక్షన్లను మొత్తంగా తీసుకుంటాయి. కాబట్టి టిమ్స్‌లో పిల్లవాడి స్కోరును అతనికి పాఠం చెప్పిన టీచరు జవాబులతో జోడించవచ్చు. పీసాలో ఆ ముడి వేయలేం. "ఫలానా బోధన పద్ధతి వల్ల మార్కులు పెరిగాయని పీసా తేల్చింది" అనే వాక్యం కనబడితే అనుమానించాలి. తరగతి గదిలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే టిమ్స్ చేతికి తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో పీసా కంటే టిమ్స్ ఎంతో మెరుగు.

500 అంటే ఏమిటి

పీసా, టిమ్స్ రెండింటి స్కేలుకూ మధ్యబిందువు 500, స్కోర్లు దాని చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం 100. పోలిక అక్కడితో సరి. పీసాలో 500 అంటే ఆనాటి ఓఈసీడీ దేశాల సగటు: చదవడానికి 2000, లెక్కలకు 2003, సైన్సుకు 2006 ఆధార సంవత్సరాలు. ఇప్పుడా సగటు అక్కడ లేదు. 2022లో ఓఈసీడీ సగటు లెక్కల్లో 472, చదవడంలో 476, సైన్సులో 485. కాబట్టి 480 వచ్చిన దేశం లెక్కల్లో "సగటు కంటే తక్కువ" కాదు, ఎక్కువే. టిమ్స్‌లో 500 అంటే 1995లో పాల్గొన్న దేశాల సగటు. ఆ గుంపు వేరు, ఈ గుంపు వేరు. టిమ్స్‌లో 510నీ పీసాలో 510నీ పక్కపక్కన పెట్టడం కుదరని పని.

పెడితే ఏమవుతుందో చూడండి. 2011 టిమ్స్ ఎనిమిదో తరగతి లెక్కల్లో రష్యాకు 539, ఫిన్‌లాండ్‌కు 514. మరుసటి ఏడు పీసా లెక్కల్లో ఫిన్‌లాండ్‌కు 519, రష్యాకు 482. ఇంచుమించు అవే తరాల పిల్లలు. ఒక పరీక్షలో రష్యా 25 పాయింట్లు పైన, ఇంకో పరీక్షలో 37 పాయింట్లు కింద. రెండూ తప్పు కాదు. బీజగణితం, రేఖాగణితం గట్టిగా నేర్పే బడికి టిమ్స్ న్యాయం చేస్తుంది. పొడవైన సమస్యను చదివి, అందులో ఏ లెక్క దాగుందో పోల్చుకోవడం నేర్పే బడికి పీసా న్యాయం చేస్తుంది. ఒక దేశం గురించి మాట్లాడేటప్పుడు రెండూ తెరిచి, అంతరం ఏ దిక్కున ఉందో చూస్తే ఆ దేశపు పాఠ్యప్రణాళిక స్వభావం బయటపడుతుంది. ఏ ఒక్క ర్యాంకూ ఇంత చెప్పదు.

స్కోరు కంటే అర్థమయ్యేవి స్థాయిలు. టిమ్స్‌లో నాలుగు మెట్లు: 400, 475, 550, 625. పీసా లెక్కల్లో రెండో స్థాయి 420 దగ్గర మొదలవుతుంది. పాఠంలో నేర్పిన పద్ధతిని ఎవరూ చెప్పకుండానే మామూలు సందర్భంలో గుర్తుపట్టి వాడగలగడం ఆ స్థాయి. 2022లో ఓఈసీడీ దేశాల్లో సగటున 31 శాతం మంది దానికి కిందే ఉండిపోయారు. ధనిక దేశాల బడుల గురించి పదో ర్యాంకు, ఇరవయ్యో ర్యాంకు అనే మాటల కంటే ఈ అంకెను ముందుగా చెప్పాలి.

ఏడాది చదువు ఎన్ని పాయింట్లతో సమానం అన్న లెక్క మరీ జారుడు. 2012 నాటి నివేదికలు లెక్కల్లో 41 పాయింట్లు ఒక ఏడాది చదువన్నాయి. 2022 నివేదిక సుమారు 20 అంది. ఫిన్‌లాండ్ లెక్కల స్కోరు 2006లో 548 ఉండి 2022లో 484కు దిగింది. అంటే 64 పాయింట్లు. పాత లెక్కన ఏడాదిన్నర, కొత్త లెక్కన మూడేళ్లకు పైగా. పతనం మాత్రం నిజం, అది కొలత పొరపాటు కాదు. దాన్ని "ఏళ్లు"గా మార్చి చెప్పే శీర్షికను నమ్మక్కర్లేదు.

ర్యాంకుల పేజీ

2022 పీసా లెక్కల పట్టికలో పదో స్థానం నెదర్లాండ్స్‌ది, 493. ఇరవయ్యో స్థానం ఫిన్‌లాండ్‌ది, 484. మధ్యలో ఐర్లాండ్ 492, ఆ తర్వాత బెల్జియం, డెన్మార్క్, బ్రిటన్, పోలండ్ నాలుగింటికీ 489, ఆస్ట్రియా, ఆస్ట్రేలియా, చెక్ రిపబ్లిక్ మూడింటికీ 487, స్లొవేనియా 485. పది ర్యాంకుల తేడా తొమ్మిది పాయింట్లలో ఇరుక్కుని ఉంది.

ఈ తొమ్మిది పాయింట్లను ఎంత పట్టించుకోవాలో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. ప్రతి సగటు పక్కనా, నమూనా వల్ల అది ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే ప్రామాణిక దోషం ఇస్తారు, మామూలుగా 2 నుంచి 4 మధ్య ఉంటుంది. రెండు దేశాల దోషాలను విడివిడిగా వర్గం చేసి కూడి, వర్గమూలం తీసి, 1.96తో గుణించాలి. స్కోర్ల తేడా ఆ ఫలితం కంటే తక్కువైతే ఆ రెండు దేశాల మధ్య తేడా ఉందని చెప్పే హక్కు మనకు లేదు. ఇద్దరికీ 2.5 చొప్పున ఉందనుకుంటే: 6.25 రెండుసార్లు కలిపితే 12.5, వర్గమూలం 3.54, గుణిస్తే దగ్గర దగ్గర 6.9. అంటే ఏడు పాయింట్ల లోపు తేడాలన్నీ చెరిపేయవచ్చు. వేర్వేరు సంవత్సరాలను పోల్చేటప్పుడు ఇంకో దోషం కలుస్తుంది. పాత పరీక్షనూ కొత్త పరీక్షనూ ఒకే స్కేలు మీదికి తెచ్చేటప్పుడు వచ్చే అనుసంధాన దోషం అది. దాని వర్గాన్ని కూడా వర్గమూలం లోపలే కూడాలి. దీన్ని వదిలేసి "మన స్కోరు 4 పాయింట్లు పెరిగింది" అని ప్రకటించే విద్యాశాఖలు తక్కువేం కాదు.

న్యాయంగా చెప్పాలంటే ఓఈసీడీ ప్రతి దేశానికీ ఒక ర్యాంకు బదులు ర్యాంకుల వ్యాప్తి కూడా అచ్చువేస్తుంది: ఈ దేశం ఇన్నో స్థానం నుంచి ఇన్నో స్థానం మధ్య ఎక్కడైనా ఉండొచ్చని. ఆ పట్టికే ముందు పేజీలో ఉండాలి. లోపలి పేజీల్లోకి నెట్టేయడం పీసా ప్రచురణలో మనం తప్పుపట్టాల్సిన విషయం.

బడికి రాని పిల్లలు ఎక్కడున్నారు

ఈ సమీక్షలో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి. మూడు పరీక్షలూ బడిలో ఉన్న పిల్లలనే కొలుస్తాయి. పదిహేనేళ్లకు ముందే చదువు మానేసినవాళ్లు పీసా లెక్కలో లేరు. ఆ వయసువాళ్లలో ఎంత శాతం లెక్కలోకి వచ్చారో చెప్పే అంకె మాత్రం ప్రతి నివేదికలో ఉంటుంది. దాన్ని కవరేజీ సూచిక అంటారు.

వియత్నాం 2012లో లెక్కల్లో 511 తెచ్చుకుని లోకాన్ని ఆశ్చర్యపరిచింది. అమెరికా స్కోరు ఆ ఏడు 481. కానీ వియత్నాంలో ఆ నమూనా ప్రాతినిధ్యం వహించింది 15 ఏళ్ల పిల్లల్లో దాదాపు 56 శాతానికే. 2022లో అది 68 శాతానికి పెరిగింది, స్కోరు 469. బడుల్లో చదువు దిగజారిందా, లేక ఇంతకుముందు లెక్కలోకి రాని పిల్లలు వచ్చి కూర్చున్నారా? స్కోరు ఒక్కటే చూస్తే చెప్పలేం. వియత్నాం బడులు నిజంగా మంచివే కావచ్చు. ఆ 511 మాత్రం దానికి పూర్తి రుజువు కాదు. 2022లో చేరిన కంబోడియాకు 336 వచ్చింది. అక్కడ నమూనాలోకి వచ్చింది ఆ వయసువాళ్లలో సుమారు మూడో వంతే.

ఇందుకు ఎదురు ఉదాహరణ టర్కీ. 2003లో అక్కడి కవరేజీ 36 శాతం, 2018లో 73. అన్ని లక్షల మంది కొత్త పిల్లల్ని, ఎక్కువగా పేద కుటుంబాల నుంచి, బడిలో నిలబెట్టుకుంటే సగటు పడిపోవడం సహజం. లెక్కల స్కోరు 423 నుంచి 454కు పెరిగింది. ర్యాంకుల పట్టికలో టర్కీ ఎప్పుడూ పై వరసలో లేదు. బడుల నాణ్యత మీద ఆసక్తి ఉన్నవాళ్లు పై వరస దేశాల కంటే ముందు ఇలాంటి దేశాన్ని చదవాలి.

ఎవరు పాల్గొన్నారన్నది మరో చిక్కు. చైనా పేరు మీద 2012లో రాసింది షాంఘై నగరం ఒక్కటే, లెక్కల్లో 613. 2015లో బీజింగ్, షాంఘై, జియాంగ్సు, గ్వాంగ్‌డాంగ్ కలిసి రాస్తే 531. 2018లో గ్వాంగ్‌డాంగ్ పోయి ఝెజియాంగ్ వచ్చింది, స్కోరు 591. మూడేళ్లలో 60 పాయింట్లు బోధన వల్ల పెరగవు. మారింది బడులు కాదు, బడులున్న ప్రాంతం. భారతదేశం నుంచి 2009 విడతకు అనుబంధంగా తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ మాత్రమే రాశాయి. లెక్కల్లో 351, 338 వచ్చాయి. 74 ప్రాంతాల్లో చివరి నుంచి మూడో, రెండో స్థానాలు. దాన్ని "భారతదేశపు ర్యాంకు" అనడం రెండు విధాలా తప్పు. రెండు రాష్ట్రాలు దేశం కావు. పైగా అవి దేశంలో బడి చదువుకు ముందున్నాయని పేరున్నవి, కాబట్టి మిగతా రాష్ట్రాల గురించి ఆ అంకెలు భరోసా ఇవ్వవు. అంత కింది స్కోర్ల దగ్గర మామూలు పీసా కొలత కూడా మొరటుగా మారుతుంది. ఎక్కువ ప్రశ్నలు చాలామందికి అందనప్పుడు, కొంచెం తెలిసినవాడికీ ఏమీ తెలియనివాడికీ తేడా పట్టుకునే ప్రశ్నలు మిగలవు. తక్కువ ఆదాయ దేశాల కోసం సులువు ప్రశ్నలు పెంచి, బడి మానేసిన పిల్లల్ని కూడా చేర్చి, పీసా ఫర్ డెవలప్‌మెంట్ అనే ప్రత్యేక పరీక్ష పెట్టింది ఇందుకే. జాంబియా, సెనెగల్, గ్వాటెమాలా వంటివి అందులో పాల్గొన్నాయి.

బడికి రాని పిల్లల్ని కూడా కలిపి చూడాలంటే ఇంటింటికీ వెళ్లే సర్వేలే దిక్కు. గ్రామీణ భారతంలో 2005 నుంచి జరుగుతున్న అసర్, తూర్పు ఆఫ్రికాలో ఉవేజో ఆ కోవవి. పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్షరం, పదం, పేరా, కథ వరసగా చదివిస్తారు. పీసా ముందు ఇవి చాలా సాదా పరీక్షలు. రెండో తరగతి పాఠం చదవగలరా లేదా అన్న ఒక్క సంగతి మాత్రం తడబడకుండా చెబుతాయి. కింది మెట్టు దగ్గర వీటినే ఎక్కువ నమ్మవచ్చు.

నక్షత్రం గుర్తున్న దేశాలు

ధనిక దేశాలకు బడి మానేసినవాళ్ల సమస్య తక్కువ, పరీక్షకు రానివాళ్ల సమస్య ఎక్కువ. పీసా నిబంధనల ప్రకారం మొదట ఎంపికైన బడుల్లో 85 శాతం ఒప్పుకోవాలి, ఎంపికైన పిల్లల్లో 80 శాతం రాయాలి, వైకల్యం, భాష వంటి కారణాలతో మినహాయించినవాళ్లు 5 శాతం మించకూడదు. 2022లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఐర్లాండ్, న్యూజిలాండ్, నెదర్లాండ్స్, డెన్మార్క్ వంటివి వీటిలో ఏదో ఒకటి తప్పాయి. పట్టికలో వాటి పేర్ల పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. రానివాళ్లు మామూలుగా వెనకబడ్డ పిల్లలే కాబట్టి అలాంటిచోట అసలు సగటు ఇంకొంచెం తక్కువ ఉండే అవకాశం ఎక్కువ. పత్రికలు ర్యాంకులు ఎత్తి రాసేటప్పుడు మొదట రాలిపోయేది ఆ నక్షత్రమే.

తప్పు జరిగినప్పుడు దాచకపోవడం పీసాలో మెచ్చుకోవాల్సిన గుణం. 2003లో బ్రిటన్‌లో స్పందన చాలలేదని దాన్ని పోలికల నుంచి తప్పించారు. 2006లో అమెరికా ప్రశ్నపత్రాల అచ్చులో పొరపాటు వల్ల పిల్లలకు తప్పు పేజీ చూడమని సూచన వెళ్లింది. ఆ దేశపు చదివే స్కోరును అసలు ప్రకటించనే లేదు. 2015లో మలేసియా కూడా తగినన్ని బడులు స్పందించక పోలికకు దూరమైంది. 2018లో స్పెయిన్‌లో కొన్ని ప్రాంతాల పిల్లలు వేగంగా చదివే విభాగంలో వాక్యాలు చూడకుండానే టకటకా ఒకే జవాబు నొక్కుకుంటూ పోయారు. ఆ ప్రాంతాల్లో తమకు ముఖ్యమైన పరీక్షలు దగ్గరలోనే ఉండటం ఒక కారణం. చదివే స్కోరును ఆపి, పరిశీలించి, 2020లో విడుదల చేశారు.

పిల్లలకు ఈ పరీక్షలో మార్కు వచ్చినా రాకపోయినా పోయేదేమీ లేదన్నది దీని వెనకున్న అసలు బలహీనత. 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పరీక్షకు ముందు పిల్లల చేతికి డబ్బిచ్చి, తప్పు జవాబుకు కొంత వెనక్కి తీసుకుంటామని చెప్పారు. అమెరికా పిల్లల మార్కులు పెరిగాయి. షాంఘై పిల్లలవి కదల్లేదు, వాళ్లు ముందునుంచే మనసు పెట్టి రాస్తున్నారు. దేశాల మధ్య తేడాలో కొంత చదువుది, కొంత శ్రద్ధది. కంప్యూటరు మీద రాయించడం మొదలయ్యాక ఏ ప్రశ్న మీద ఎంతసేపు గడిపారో తెలుస్తోంది కాబట్టి దీన్ని ఇప్పుడు కొంతవరకు పసిగట్టవచ్చు.

పర్ల్స్ 2021కి వేరే చిక్కు వచ్చింది. కోవిడ్ మూతల వల్ల కొన్ని దేశాలు నాలుగో తరగతి చివర కాకుండా ఐదో తరగతి మొదట్లో రాయించాయి. ఐర్లాండ్‌కు వచ్చిన 577 అలాంటిది. సింగపూర్ 587, హాంగ్‌కాంగ్ 573 మాత్రం సకాలంలో రాసినవి. ఐర్లాండ్ పిల్లలు ఆరేడు నెలలు పెద్దవాళ్లు. నివేదిక ఆ దేశాల్ని వేరుచేసి చూపింది, ఎత్తి రాసినవాళ్లలో చాలామంది కలిపేశారు.

సగటు కింద దాగినది

నిజమైన విలువ ఇక్కడుంది. పీసా ప్రతి విద్యార్థికీ తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం, ఇంట్లో ఉన్న వస్తువులు, పుస్తకాల ఆధారంగా ఒక సామాజిక ఆర్థిక సూచిక కడుతుంది. 2022 లెక్కల్లో ఓఈసీడీ దేశాల్లో సగటున పై పావు వంతు కుటుంబాల పిల్లలకూ కింది పావు వంతు పిల్లలకూ మధ్య 93 పాయింట్ల అంతరం. సింగపూర్‌కూ ఓఈసీడీ సగటుకూ మధ్య అంతరం 103. దేశాల మధ్య మనం చూసి నోరెళ్లబెట్టే దూరం దాదాపుగా ఒకే దేశంలో రెండు వీధుల మధ్య కూడా ఉంది.

ఇంకో కొలత, బడికీ బడికీ మధ్య తేడా. ఫిన్‌లాండ్‌లో అది చాలా తక్కువ: పిల్లవాడు దగ్గరున్న బడికి పోతే చాలు, దాదాపు అదే చదువు దొరుకుతుంది. పన్నెండేళ్లకే పిల్లల్ని వేర్వేరు రకాల బడుల్లోకి విడదీసే నెదర్లాండ్స్‌లో అది చాలా ఎక్కువ. 493, 484 అన్న అంకెలు పక్కపక్కన పెట్టి నెదర్లాండ్స్ మెరుగు అనేవాళ్లకు ఈ విషయం కనబడదు.

ప్రశ్నావళి భాగాన్ని జాగ్రత్తగా వాడాలి. ఆందోళన, ఆత్మవిశ్వాసం, క్రమశిక్షణ వంటి వాటిపై పిల్లలు తామే గుర్తు పెట్టుకున్న జవాబులవి. ఒకే దేశంలో చూస్తే లెక్కలంటే ధీమా ఉన్న పిల్లలకు మార్కులు ఎక్కువ. దేశాల సగటులు పక్కన పెడితే మార్కులు ఎక్కువున్న జపాన్, కొరియాల్లో ధీమా తక్కువ. "అవును, పూర్తిగా ఒప్పుకుంటాను" అనే గడిని ఏ దేశం పిల్లవాడు ఎంత తేలిగ్గా నొక్కుతాడన్నది వేరువేరు. ఈ భాగాన్ని దేశం లోపల పోలికలకు వాడండి, దేశాల మధ్య ర్యాంకులకు వద్దు. ట్యూషన్ కూడా అంతే. కొరియాలో హాగ్వోన్లనే ప్రైవేటు కేంద్రాల్లో సాయంత్రాలు గడిపే పిల్లల స్కోరులో బడి వాటా ఎంతో ఈ మూడు పరీక్షల్లో ఏదీ విడదీసి చెప్పలేదు.

డేటా ఫైళ్లు దించుకునేవాళ్లకు

ప్రతి పిల్లవాడూ మొత్తం ప్రశ్నల్లో కొన్నే రాస్తాడు కాబట్టి అతనికి ఒక్క స్కోరు ఇవ్వరు. అతని స్కోరు ఎంత ఉండొచ్చో చెప్పే అంచనాలను, సంభావ్య విలువలనే పేరుతో, 2015 నుంచి పీసాలో పది ఇస్తున్నారు, టిమ్స్‌లో ఐదు. ఎక్కువమంది చేసే తప్పు ఆ పదింటినీ పిల్లవాడి వరసలోనే సగటు చేసి ఒక్క స్కోరుగా వాడుకోవడం. అలా చేస్తే పిల్లల మధ్య వ్యత్యాసం ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది, స్థాయిల శాతాలు చెడతాయి. చేయాల్సింది: మీ లెక్కను పదింటి మీదా విడివిడిగా పదిసార్లు చేసి, చివరి జవాబులను సగటు చేయడం. ఒక్కో పిల్లవాడు దేశంలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే విద్యార్థి తుది భారం తప్పనిసరిగా వేయాలి. దోషానికి పీసా ఫైలులో ఉన్న 80 పునరావృత భారాలతో లెక్క మళ్లీ మళ్లీ నడిపి నమూనా వ్యత్యాసం తీయాలి, పది జవాబుల మధ్య వ్యత్యాసాన్ని 1.1తో గుణించి దానికి కలపాలి. ఇదంతా ఐఈఏ ఇచ్చే ఐడీబీ ఎనలైజర్ చేసిపెడుతుంది. ఒకటి రెండు పట్టికలు చాలనుకునేవాళ్లకు బ్రౌజరులోనే నడిచే పీసా డేటా ఎక్స్‌ప్లోరర్ సరిపోతుంది. తేడా నిజమైనదా కాదా అని కూడా అదే చెబుతుంది. ఎక్సెల్‌లో మామూలు సగటు తీసి ప్రచురించవద్దు.

ప్రపంచ బ్యాంకు ఈ పరీక్షలన్నింటినీ ఒకే స్కేలు మీదికి మార్చి, బడిలో గడిపే ఏళ్లను నేర్చుకున్నదానితో సవరిస్తుంది. సూత్రం తేలిక: ఏళ్లను స్కోరుతో గుణించి 625తో భాగించాలి. 2020 లెక్కలో సింగపూర్‌కు 13.9 ఏళ్లు, స్కోరు 575, కాబట్టి 12.8 ఏళ్లు. భారత్‌కు 11.1 ఏళ్లు, 399, కాబట్టి 7.1. బడ్జెట్ రాసేవాళ్లకు పనికొచ్చే అంకె. వేర్వేరు పరీక్షల్ని రెండూ రాసిన కొద్ది దేశాల ఆధారంగా ముడివేసిన మార్పిడి కనుక దశాంశ బిందువు తర్వాతి తేడాల మీద వాదించుకోకూడదు.

ఎవరికి ఏది

విధానాలు రాసేవాళ్లకు పీసా, అదీ కవరేజీ, కింది స్థాయి శాతం, కుటుంబాల అంతరం అనే మూడు అంకెల కోసం. ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. టీచర్లకు, పాఠ్యప్రణాళిక తయారుచేసేవాళ్లకు టిమ్స్, నాలుగున్నర. చదవడం నేర్పేవాళ్లకు పర్ల్స్. మూడింటిలో తక్కువ పేరున్నది ఇదే, కానీ నాలుగో తరగతికి చదవడం రాని పిల్లవాడికి తర్వాత ఏ పరీక్షా అర్థం కాదు కాబట్టి విలువ తక్కువ కాదు. దక్షిణాఫ్రికాకు 2021లో వచ్చిన 288 ఎంత పెద్ద పని మిగిలి ఉందో చెబుతుంది.

పిల్లలతో వేరే దేశానికి మారబోతున్న తల్లిదండ్రులకు ర్యాంకుల పేజీ దాదాపు పనికిరాదు, ఎందుకంటే ఏ బడి ఎలాంటిదో దానిలో ఉండదు. వాళ్లకు ఉపయోగపడేవి వేరే రెండు ఉన్నాయి. టిమ్స్, పర్ల్స్‌తో పాటు వెలువడే ఎన్‌సైక్లోపీడియాలో ఒక్కో దేశం ఏ వయసులో బడిలో చేర్చుకుంటుందో, ఏ తరగతిలో ఏ అంశం నేర్పుతుందో ఆ దేశపు నిపుణులే రాస్తారు. భిన్నాలు, దశాంశాలు, ఋణ సంఖ్యలు ఇప్పటి బడిలో ఎప్పుడొస్తాయి, వెళ్లబోయే చోట ఎప్పుడొస్తాయి అని పక్కపక్కన రాసుకుంటే మారిన మొదటి ఏడాదిలో పిల్లవాడు ఎక్కడ తడబడతాడో ముందే తెలుస్తుంది. రెండోది, విడుదల చేసిన పాత ప్రశ్నలు. ఐదారు ప్రశ్నలు పిల్లలతో చేయించి, తప్పు వచ్చినచోట లెక్క రాకనా, ప్రశ్న అర్థం కాకనా అని చూడాలి. రెండోదైతే లెక్కల ట్యూషన్ కంటే ఆ దేశపు బోధనా భాషలో పొడవైన పేరాలు చదివించడం ముందు అవసరం.

పీసా 2025లో ప్రధానాంశం సైన్సు. కాబట్టి లెక్కలు, చదవడం ఈసారి తక్కువ ప్రశ్నలతో కొలుస్తారు, వాటి స్కోరుల్లో చిన్న కదలికలను పట్టించుకోకూడదు. సైన్సును 2015తో పోల్చడం సబబు, అదీ ప్రధానాంశంగా ఉన్న విడతే. ఆంగ్లాన్ని పరాయి భాషగా కొలిచే కొత్త భాగం ఐచ్ఛికం. ఎంచుకున్న దేశాలే అందులో ఉంటాయి కనుక, ఆ పట్టికలో ఒక దేశం పైన కనిపించినంత మాత్రాన ప్రపంచంలో పైన ఉన్నట్టు కాదు.